ఉప్పు కడగాలా, ఉంచాలా? సముద్రం దాటొచ్చిన వస్తువులతో ఇన్‌స్టలేషన్ కట్టే పద్ధతి

శరణార్థుల పడవల్లోంచి ఒడ్డుకు చేరిన లైఫ్ జాకెట్టు, చెప్పు, భుజానికేసుకునే సంచి, రబ్బరు పడవ ముక్క. వీటితో ఇన్‌స్టలేషన్, అంటే వస్తువుల్ని ఒక చోట అమర్చి చేసే కళాకృతి, మొదలుపెట్టేవాళ్లు ముందుగా వేసుకునే లెక్క ఎన్ని తెద్దాం, ఎక్కడ వేలాడదీద్దాం అని. ఆ లెక్క తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఉప్పు సంగతి. వస్తువులో ఇంకిన ఉప్పే అది సముద్రం మీద ఉన్నదనడానికి సాక్ష్యం. దాన్ని రోజురోజుకూ పాడుచేసేదీ ఆ ఉప్పే. కడిగితే సాక్ష్యం పోతుంది, కడక్కపోతే వస్తువు పోతుంది. ఆరబెట్టడం, వేలాడదీయడం, లేబుల్ రాయడం అన్నీ ఈ ఒక్క నిర్ణయాన్ని బట్టే సాగుతాయి.

నేపథ్యం క్లుప్తంగా. 2015లో సముద్రం మీదుగా ఐరోపా చేరినవాళ్లు 10 లక్షల పైచిలుకు. వాళ్లలో దాదాపు సగం మంది దిగింది గ్రీసులోని లెస్బోస్ దీవిలో. వాళ్లు ఒడ్డున విప్పేసిన లైఫ్ జాకెట్లను దీవి ఉత్తరాన, మొలీవోస్ ఊరికి దగ్గర్లోని చెత్తకుప్పకు తరలించేవారు. చైనా కళాకారుడు ఐ వేవే స్థానిక పాలకుల అనుమతితో వాటిలో 14,000 తెచ్చి, 2016 ఫిబ్రవరిలో బెర్లిన్ కాన్సర్ట్‌హౌస్ స్తంభాలకు చుట్టాడు. అప్పటినుంచి నారింజ రంగు జాకెట్టు ఈ విషయానికి ఒక గుర్తులా మారిపోయింది. వచ్చిన చిక్కు కూడా అదే. గుర్తుగా వాడటం తేలిక, వస్తువుగా చూపించడం కష్టం. ఈ వ్యాసం రెండో దాని గురించి.

చెయ్యి వేసే ముందు

ఒడ్డున దొరికిందల్లా చెత్త కాదు. 2015 ఏప్రిల్ 18న లిబియాకూ ఇటలీకీ నడుమ మునిగిన చేపల పడవను ఇటలీ నౌకాదళం మరుసటి ఏడాది పైకి తీసింది. మిలాన్ విశ్వవిద్యాలయంలోని ఫోరెన్సిక్ నిపుణురాలు క్రిస్టినా కత్తనేయో బృందం అందులో చనిపోయినవాళ్లను గుర్తుపట్టే పని చేపట్టింది. వాళ్లకు ఆధారం ఒంటిమీది బట్టలు, జేబుల్లోని సామాన్లే. మాలీ దేశపు పిల్లాడు ఒకడు స్కూలు మార్కుల కాగితాన్ని దుస్తుల్లోపల పెట్టి కుట్టుకున్నాడు. కొందరి దగ్గర సొంతూరి మట్టి పొట్లాలు దొరికాయి.

అందుకని ఈ వరుస తప్పొద్దు:

1. గ్లవ్స్ వేసుకుని ప్రతి జేబునూ, ప్రతి కుట్టునూ వేళ్లతో తడమండి. లోపల గట్టిగా, కాగితంలా, బిళ్లలా ఏదైనా తగిలితే కుట్టు విప్పకండి. ఆ వస్తువు ప్రదర్శనకు పనికిరాదనే అనుకోండి. స్థానిక అధికారులకు గానీ, తప్పిపోయినవాళ్లను వెతికిపెట్టే రెడ్‌క్రాస్ విభాగానికి గానీ అప్పగించండి.
2. ఉన్నచోట ఉన్నట్టే ఫొటో తీయండి. పక్కన స్కేలు, చీటీ మీద నంబరు, తేదీ. తర్వాత ముందువైపు, వెనకవైపు, లోపలివైపు.
3. పేరు, ఫోన్ నంబరు, ఊరు రాసి ఉంటే ఆ ఫొటో బయట పెట్టకండి. ప్రదర్శనలో ఆ భాగం లోపలికి మడవాలి. చెరిపేయకూడదు.
4. తీసుకెళ్లడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. కుప్ప ఏ మున్సిపాలిటీ స్థలంలో ఉంటే ఆ మున్సిపాలిటీదే. విమానంలో తెస్తే కస్టమ్స్ వాళ్లు అడిగే మొదటి కాగితం ఇదే.

మన తీరంలో ఏరుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. వలలు, తాళ్లు, తెప్ప ముక్కలు ఏరుకోవచ్చు గానీ వాటికి పగడపు ముక్కలు అంటుకుని ఉంటే అక్కడే వదిలేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలు మనదేశంలో రక్షిత జాతులు. చచ్చిన ముక్కే కదా అన్న మాట చెల్లదు.

ఉప్పుకు మూడు దారులు

ముందు లెక్క చూడండి. మధ్యధరా సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 38 గ్రాముల ఉప్పు ఉంటుంది. పూర్తిగా తడిసిన పెద్దల జాకెట్టు రెండు లీటర్లు పట్టుకుందనుకుంటే, అది ఆరాక గుడ్డలో, ఫోమ్‌లో మిగిలే ఉప్పు 75 గ్రాముల దాకా ఉంటుంది. అంటే నిండు గుప్పెడు. ఏళ్ల తరబడి కుప్ప మీద వానకు తడిసిన జాకెట్టులో ఇంత ఉండదు. పై వరసలో ఉన్నవాటిని వాన ఎప్పుడో కడిగేసి ఉంటుంది, అడుగున ఉన్నవాటిలోనే దొరుకుతుంది.

ఈ ఉప్పు ఊరికే కూర్చోదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు లాగి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. అందుకే విశాఖలో ఆగస్టు నెలలో ఆ జాకెట్టు ఎంత ఆరబెట్టినా ముట్టుకుంటే చెమ్మగానే ఉంటుంది. అదే జాకెట్టును ఏప్రిల్‌లో హైదరాబాదు తెస్తే రెండు రోజుల్లో తెల్లటి పొడి పూస్తుంది. కరగడం, పూయడం, మళ్లీ కరగడం. ప్రతిసారీ స్ఫటికాలు గుడ్డ పోగుల మధ్య ఉబ్బి కొన్ని పోగుల్ని తెంపుతాయి. జిప్పు, ప్రెస్ బటన్ లాంటి లోహపు భాగాల చుట్టూ తుప్పు మరక పాకుతుంది.

మొదటి దారి, కడక్కుండా ఉంచడం. ప్రదర్శన రెండు మూడు వారాలే అయితే, గదిలో తేమ ఒకే తీరున నిలిచే ఏసీ రాత్రింబవళ్లు నడిస్తే ఇది చెల్లుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గ్యాలరీలో చెల్లదు. అలా చేయడం కంటే అసలు ఏసీ లేకపోవడమే నయం, కనీసం తేమ పూటపూటకూ ఎగిరి పడదు.

రెండో దారి, పూర్తిగా కడగడం. వస్తువు బరువుకు పది రెట్ల చల్లటి నీటిలో 12 గంటలు ముంచి, నీరు మార్చి, మళ్లీ ముంచాలి. వేడినీళ్లు వద్దు, పీవీసీ పూత గుడ్డ నుంచి లేచిపోతుంది. సర్ఫు, బ్లీచింగ్ అసలే వద్దు, నారింజ రంగు చారలు చారలుగా దిగిపోతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది టీడీఎస్ మీటరు, నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది. వాటర్ ఫిల్టర్ బాగుచేయడానికి ఇంటికొచ్చే అబ్బాయి జేబులో ఉండే పెన్ను లాంటిదే. ముంచకముందు నీటి అంకె, 12 గంటల తర్వాతి అంకె రాసుకోండి. తేడా 50 లోపుకు వచ్చిందంటే చాలు. మామూలుగా నాలుగైదు మార్పులు పడుతుంది. చివరి మార్పుకు ఆర్వో నీళ్లు వాడండి. బోరు నీటితో ముగిస్తే సముద్రపు ఉప్పు తీసేసి బోరు ఉప్పు ఎక్కించినట్టే.

మూడో దారి, కడిగి ఆ ఉప్పును దాచడం. మా ఓటు దీనికే. జాకెట్టు నిలుస్తుంది, ఉప్పు కూడా కంటికి కనిపిస్తుంది. చేసే పద్ధతి ఇది.

మొదటి ముంపుకు 10 లీటర్ల ఆర్వో నీళ్లే తీసుకోండి. ఇక్కడ బోరు నీళ్లు ఎందుకు పనికిరావంటే, 1,000 టీడీఎస్ ఉన్న బోరు నీరు 10 లీటర్లలో సొంతంగానే 10 గ్రాముల లవణాలు ఉంటాయి. సముద్రం ఇచ్చిన ఉప్పు అని మీరు చూపించేదాంట్లో పదో వంతుకు పైగా మీ పెరటి బోరుదై కూర్చుంటుంది. పన్నెండు గంటల తర్వాత జాకెట్టును పిండకుండా ఎత్తి, తొట్టి మీదే ఒక గంట కారనివ్వండి. నీటిని నాలుగు మడతల పాత నూలు గుడ్డలో వడకట్టండి. గుడ్డలో చిక్కిన ఇసుకను, రంగు పోగుల్ని విడిగా ఆరబెట్టి నంబరు వేసి ఉంచండి. ఆ సన్నటి ప్లాస్టిక్ పోగులు కాలవలో కలిసి తిరిగి సముద్రానికే చేరతాయి కాబట్టి ఏ ముంపు నీటినైనా వడకట్టకుండా పారబోయొద్దు.

వడకట్టిన నీటిని వెడల్పాటి గాజు పళ్లెంలో గానీ ఎనామిల్ ట్రేలో గానీ పోసి ఎండలో పెట్టండి. అల్యూమినియం ట్రే వాడితే చిల్లులు పడతాయి, స్టీలు కూడా చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. పైన దోమతెర కట్టాలి. మొదట అడుగున సన్నటి తెల్లటి మడ్డి కడుతుంది, అది సున్నపు, జిప్సం పదార్థం. నీరు పావు లీటరు దగ్గరికి వచ్చాక అసలు ఉప్పు మొదలవుతుంది. ఇక్కడి నుంచి కదపకండి. నీడలోకి మార్చి నింపాదిగా ఆరనిస్తే చతురస్రపు పలుకులు మూడు నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. కదిపితే పిండిలా దిగుతుంది. చివర్న అడుగున కాస్త చేదు నీరు మిగిలిపోతుంది, ఎన్నాళ్లు ఉంచినా ఆరదు. అందులో ఉన్నదే ఆ మెగ్నీషియం. దాన్ని మెల్లగా వంపేయండి, లేదంటే ప్రదర్శన సాంతం ఉప్పు చెమటలు కారుస్తుంది. చినగంజాం వైపు ఉప్పు మడుల్లో పనిచేసిన ఎవరినడిగినా ఈ చివరి నీటి సంగతి చెబుతారు.

మిగిలిన ఉప్పును తూచి, గాజు గిన్నెలో పోసి, అదే నంబరుతో జాకెట్టు కింద పెట్టండి. 40 గ్రాములు వస్తే 40 అని రాయాలి. కుప్ప చిన్నదిగా ఉందని వంటింటి ఉప్పు కలిపిన మరుక్షణం పని అబద్ధమైపోతుంది.

ఆరబెట్టడం

ఎండలో కాదు, నీడలో, గాలి తగిలేచోట. దండెం మీద మడిచి వేయకుండా వెదురు తడికె మీద బోర్లా పరచండి. గుడ్డ ఒక రోజులో ఆరుతుంది. లోపలి ఫోమ్‌కు వారం నుంచి మూడు వారాలు. చేత్తో చూసి ఆరిందనుకోవద్దు. రెండు రోజులకోసారి తూచండి, వరుసగా మూడుసార్లు ఒకే బరువు వస్తేనే ఆరినట్టు. తొందరపడి పాలిథీన్ సంచిలో కట్టిపెడితే మూడో రోజుకే నల్లటి బూజు. పాత వాయిల్ చీరలో చుట్టి అట్టపెట్టెలో పెట్టడం మేలు.

పడవ చెక్క అయితే కథ వేరు. దాన్ని నెలల తరబడి తడి గోనెపట్టా కప్పి, పట్టా తడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆరబెట్టాలి. ఒక్క మే నెల మధ్యాహ్నం ఎండలో వదిలితే పొడవునా పగులుతుంది. అడుగున అంటుకున్న సముద్రపు గుల్లలు ఉంచదలిస్తే ఆసిడ్ దరిచేరనివ్వకండి, గుల్ల అంటేనే సున్నం. వాసన పోవడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కుంచెతో అద్ది రెండు వారాలు ఆరుబయట ఉంచండి.

ఫోమ్ పరీక్ష

2016 జనవరిలో టర్కీలోని ఇజ్మీర్‌లో పోలీసులు ఒక కార్ఖానా మీద దాడి చేసి 1,263 నకిలీ లైఫ్ జాకెట్లు పట్టుకున్నారు. లోపల కూరింది ప్యాకింగ్ సరుకు. తేలదు సరికదా, నీరు పీల్చుకుంటుంది. ఈ సంగతి గోడ మీద రాస్తే చదివి ముందుకెళ్తారు. సీసాలో చూపిస్తే ఆగుతారు.

అప్పటికే చిరిగిపోయిన జాకెట్టు నుంచే ఫోమ్ తీయండి, బాగున్నదాన్ని కోయకండి. 5 సెంటీమీటర్ల ఘనం చొప్పున రెండు ముక్కలు: ఒకటి ఆ జాకెట్టుది, ఒకటి ప్రమాణం ముద్ర ఉన్న పడవ జాకెట్టుది. నగలు తూచే చిన్న కాటాతో బరువు రాసుకోండి. లీటరు ఆర్వో నీటికి 38 గ్రాముల కల్లుప్పు వేసి కరిగించి, రెండు గాజు జాడీల్లో పోసి, ముక్కల్ని ఇనుము కాని జల్లెడ ముక్కతో అదిమి 24 గంటలు ముంచి ఉంచండి. ఆ ముక్క ఘనపరిమాణం 125 మిల్లీలీటర్లు. కాబట్టి పూర్తిగా మునిగినప్పుడు 125 గ్రాములకు కాస్త పైగా బరువును మోయగలగాలి. లోపలి గాలి అరలు మూసుకుని ఉండే ఫోమ్ అయితే పైతడి రెండు మూడు గ్రాములకు మించి పెరగదు, జల్లెడ తీయగానే పైకి తన్నుకొస్తుంది. స్పాంజి జాతిది 100 గ్రాములకు పైగా తాగి తేలే బలాన్ని దాదాపుగా పోగొట్టుకుంటుంది. ఒంటిమీద ఉన్న జాకెట్టు ఇలా తాగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రదర్శనలో ఈ రెండు జాడీల నీరు ఐదారు రోజుల్లో మసకబారుతుంది. కిటికీ ఎదుట పెట్టారంటే పచ్చటి నాచు కూడా. నీటిని మరిగించి చల్లార్చి పోసి, వారానికోసారి మార్చండి. కొందరు నాచు పట్టనివ్వడమే బాగుంటుందంటారు. కానీ అప్పుడు చూసేవాళ్ల కళ్లు నాచు మీదికి పోతాయి, ఫోమ్ మీద నిలవవు.

వేలాడదీయడం

ఆరిన జాకెట్టు 600 నుంచి 900 గ్రాములు ఉంటుంది. కడగనిదైతే వాన రోజుల్లో బరువెక్కుతుంది కాబట్టి ఒక్కోటి 2 కిలోలని లెక్క కట్టండి. 60 జాకెట్లకు 120 కిలోలు. వాటిని మోసే చట్రానికి అంగుళం జీఐ పైపు 20 మీటర్లు పడితే మరో 50 కిలోలు. మొత్తం 170. ఆరు చోట్ల నుంచి దింపితే ఒక్కో తాడు మీద 28, ఒక తాడు తెగినా మిగతా ఐదింటి మీద 34. మనుషుల నెత్తిమీద వేలాడేదానికి తాడు తెగే బరువులో పదో వంతే వేయాలి. కనుక 340 కిలోలకు పైన తెగే తాడు కావాలి. 2 మిల్లీమీటర్ల స్టీలు వైరు రోప్ సరిపోదు, 3 మిల్లీమీటర్లది తీసుకుని కట్ట మీద రాసిన అంకె చూసుకోండి. స్టీలులో 304 రకం కన్నా 316 రకం మేలు, ఉప్పు పక్కనే కదా ఉండేది.

కొక్కేలు స్లాబులోకే దిగాలి. పీవోపీ ఫాల్స్ సీలింగ్ ఫ్రేముకు తగిలిస్తే ప్రారంభోత్సవం నాటికే కిందికి వంగుతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం కనబడదు గదా అని మోజుపడతారు. అది బరువుకు రోజూ కాస్త సాగుతుంది, రెండో వారానికి జాకెట్లు మోకాళ్ల ఎత్తుకు దిగుతాయి.

జాకెట్టును దాని పట్టీకే కట్టి వేలాడదీయడం అందరూ చేసే పొరపాటు. ఎండకు మొదట చచ్చేది ఆ పట్టీ కుట్టే. అంగుళం వెడల్పు నూలు నాడాను రెండు భుజాల కిందుగా తిప్పి, బరువు దాని మీద పడేలా కట్టండి. నాడా కనిపించినా ఫర్వాలేదు.

లైట్లు ఎల్ఈడీవే వాడండి, జాకెట్టుకు మీటరు దూరం తగ్గకుండా. ఈ ఫోమ్, ఈ గుడ్డ అంటుకుంటే కారే మంట, నల్ల పొగ. బయటికి వెళ్లే దారి నాలుగడుగులైనా ఖాళీగా ఉంచండి.

ఎక్కడ పెట్టాం, ఏం రాశాం

పైన చెప్పిన చేపల పడవనే 2019లో స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బూఖెల్ వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు తెచ్చి ఆర్సెనాలే రేవు గట్టున నిలబెట్టాడు. వందల మంది చనిపోయిన పడవ అది. దాని పక్కన వివరం చెప్పే బోర్డు లేదు, ఎదురుగా కాఫీ హోటలు ఉంది. జనం దాని ముందు ఫొటోలు దిగారు, విమర్శలు వెల్లువెత్తాయి. బోర్డు లేకపోవడం కావాలని చేసిందే అనుకున్నా, చూసేవాడు ఏం చూస్తున్నాడో తెలియకుండా చూడటంలో గొప్పేమీ లేదు. గ్యాలరీలో టీ, బిస్కెట్ల బల్ల ఈ గదికి కనబడనంత దూరంలో వేయించండి. సెల్ఫీలు ఆపాలంటే బోర్డు కన్నా పని చేసే ఉపాయం ఒకటుంది: దారిని రెండడుగుల వెడల్పు పాయలుగా మలిచి, వెనక్కి జరిగి ఫొటో తీసుకునే చోటు లేకుండా చేయడం. నాలుగడుగుల అసలు దారి మాత్రం అలాగే ఉండాలి.

చనిపోయినవాళ్లలా పడుకుని చూపడం, బొమ్మల్ని ఒడ్డున పడేయడం చేయకండి. 2016 మొదట్లో ఐ వేవే ఒక భారతీయ పత్రిక కోసం, అంతకు ముందు ఏడాది చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్ కుర్దీ భంగిమలో లెస్బోస్ తీరాన పడుకున్న ఫొటో ఢిల్లీ ఆర్ట్ ఫెయిర్‌లో కూడా పెట్టారు. 14,000 జాకెట్లు చేసిన పనిని ఆ ఒక్క ఫొటో చెడగొట్టింది.

లేబుల్ నడుము ఎత్తులో, తెలుగు ముందు, అక్షరం పెద్దది. విశేషణాలు ఒక్కటీ లేకుండా ఇలా:

నంబరు 17. లైఫ్ జాకెట్టు, పిల్లల సైజు. లోపల ప్యాకింగ్ ఫోమ్. జేబు ఖాళీగా దొరికింది. ఎడమ పట్టీ లేదు. కడిగాం. వచ్చిన ఉప్పు కింద గిన్నెలో: 31 గ్రాములు.

వీటితోపాటు దొరికిన చోటు, తేదీ, అనుమతి ఇచ్చినవారు. అంతే.

అసలు వస్తువులు దొరక్కపోతే

పడవల సామాన్లమ్మే కొట్లో 60 కొత్త జాకెట్లు కొని, ఇసుకలో రుద్ది, శరణార్థులవని పెట్టకండి. చిన్నదిగా ఆలోచించడం నయం. సిరియా నుంచి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడిన ఇస్సామ్ కుర్బాజ్ పాత సైకిల్ మడ్‌గార్డుల్ని అరచేతిలో పట్టే పడవలుగా వంచి, కాల్చిన అగ్గిపుల్లల్ని మనుషులుగా కుక్కి నిలబెట్టాడు. వాటిని బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. అగ్గిపుల్లలు అగ్గిపుల్లలే, అవి ఎవరి వస్తువులమనీ అబద్ధమాడవు.

లేదా మన దగ్గరున్న సముద్రపు వలసను తీసుకోండి. కాందిశీకులు అన్న మాట మన పత్రికల్లో ఒకప్పుడు బర్మా తెలుగువాళ్ల గురించే ఎక్కువగా వినబడేది. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడు అని దాని అర్థం. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అక్కడి నుంచి ఓడల్లో తిరిగొచ్చిన కుటుంబాలు ఉన్నాయి, విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అన్న పేరు ఇంకా వాడుకలో ఉంది. ఆ ఇళ్లలో రేకు ట్రంకులు, ఫొటోలు దొరికితే అసలువి అడక్కండి. ఇంట్లోనే స్కాన్ చేసి, అచ్చు వేసి, వాళ్లు చెప్పిన మాటల్ని వాళ్లు ఒప్పుకున్న మేరకే రాయండి. వియత్నాం కళాకారుడు దిన్ క్యూ లే 2011లో సిడ్నీలో వేల పాత ఫొటోల్ని నేల నిండా పరిచాడు. చూడవచ్చినవాళ్లు వంగి ఒక్కోటి తీసి చూసుకున్నారు. బర్మా ఫొటోలకు ఆ పద్ధతి అతుకుతుంది, కాకపోతే ప్రతులు మూడు సెట్లు వేయించుకోండి. జనం కొన్ని ఇంటికి పట్టుకుపోతారు.

ప్రదర్శన నడిచే రోజుల్లో

తేమ మీటరు అంకె ఉదయం, సాయంత్రం పుస్తకంలో రాయాలి. 65 దాటితే కడగని వస్తువుల కింద నేల చూడండి, చెమ్మ చుక్కలు మొదలై ఉంటాయి. నేలమీది పొడిని చీపురుతో ఊడ్చి పారేయకండి, నంబరువారీగా కాగితపు పొట్లాల్లో కట్టండి. వైరు ముడుల్ని వారానికోసారి నిచ్చెనెక్కి చేత్తో చూడాలి.

అయిపోయాక వస్తువులు ఎక్కడికి పోతాయో ప్రారంభానికి ముందే కాగితం మీద ఉండాలి: అనుమతి ఇచ్చినవారికి తిరిగి పంపడమా, ఏదైనా సంగ్రహాలయానికి ఇవ్వడమా. పీవీసీ పడవ ముక్కల్ని తగలబెట్టొద్దు, విషపు పొగ. గిన్నెల్లోని ఉప్పును భావుకంగా బీచిలో కలపాలని కొందరికి ఉబలాటం. దాన్ని మూతబిగించిన గాజు సీసాల్లోకి మార్చి, జాకెట్టు పెట్టెలోనే, అదే నంబరు పక్కన పెట్టండి.